రిటైర్ అయ్యాక ఎక్కడ ఉందాం, ఏం చేద్దాం: మంగళవారం పదకొండు గంటలకు పెట్టి చూడండి

రిటైర్మెంట్ అనగానే అందరూ పింఛను, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ లెక్కల్లో పడతారు. ఆ లెక్కలు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను వాటి జోలికి పోను. డబ్బుకు ఏ లోటూ లేకుండా చూసుకున్నవాళ్లు కూడా ఆరు నెలలు తిరక్కుండానే "ఏం తోచట్లేదండీ" అనడం మా నల్లకుంట గల్లీలో చాలాసార్లు విన్నాను, మా ఇంట్లోనూ విన్నాను. తెలంగాణలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగింది, కేంద్ర ఉద్యోగులకు 60. ఆరోగ్యం సహకరిస్తే ఆ తర్వాత కూడా పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో మన కాళ్ల మీద మనం తిరిగే కాలం ఉంటుంది. అది ఎక్కడ, ఎవరితో, ఏం చేస్తూ గడపాలో సర్వీసులో ఉండగానే తేల్చుకోవడం మంచిది.

దానికి నేను వాడే పరీక్ష ఒక్కటే. మీరు అనుకుంటున్న ఏర్పాటు ఏదైనా సరే, దాన్ని ఒక మామూలు మంగళవారం పొద్దున పదకొండు గంటలకు పెట్టి చూడండి. సంక్రాంతికి వెళ్తే ఏ ఊరైనా బాగుంటుంది, మనవరాలి పుట్టినరోజున కొడుకు ఇల్లు కళకళలాడుతుంది, ఆదివారం చూడటానికి వెళ్తే సీనియర్ కమ్యూనిటీ (పెద్దవాళ్ల కోసమే కట్టిన ఫ్లాట్లు) వాళ్లు వెజ్ బిర్యానీ పెట్టి మరీ పంపిస్తారు. మంగళవారం పదకొండింటికి అక్కడ మీరు ఎక్కడ కూర్చుని ఉంటారు, పేరు పెట్టి పలకరించే మనిషి ఎవరు, ఆ రోజు మీరు కనపడకపోతే "ఏమైంది" అని ఫోన్ చేసేది ఎవరు? ఈ మూడింటికి జవాబు దొరికితే మిగతావి సర్దుకుంటాయి.

పదకొండే ఎందుకంటే, హైదరాబాద్‌లో పొద్దుటి పూటకు, సాయంత్రానికి ఢోకా లేదు. పొద్దున్నే కేబీఆర్ పార్కు, ఇందిరా పార్కు, యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు, ఉస్మానియా క్యాంపస్ రోడ్లు, ఎక్కడ చూసినా మన వయసువాళ్లే. సాయంత్రమైతే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో రవీంద్రభారతిలోనో ఏదో ఒక సభ, లేదంటే గుళ్లో ప్రవచనం. పదకొండు నుంచి నాలుగు దాకా ఉన్న ఆ మధ్యకాలంతోనే వస్తుంది చిక్కంతా, ఇన్నాళ్లూ ఆఫీసు తీసుకున్నది ఆ గంటల్నే మరి.

ఉన్న ఇంట్లోనే ఉండిపోవడం

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. కూరగాయలమ్మకు మీ పేరు తెలుసు, మందుల షాపతనికి మీ బీపీ మాత్ర తెలుసు, ఎదురింటివాళ్ల దగ్గర మీ తాళంచెవి ఉంటుంది. కొత్తచోట ఇవన్నీ కూడబెట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది, అదీ అరవై దాటాక.

అయితే ఇల్లు మన వయసుకు తగ్గట్టు లేకపోతే కష్టం. మా వైపు పాత ఇళ్లలో మేడ మెట్లు నిటారుగా ఉంటాయి, రెయిలింగ్ ఒకవైపే ఉంటుంది, బాత్రూంలో నున్నటి టైల్స్. రిటైరయ్యాక ఫాల్స్ సీలింగులు, మాడ్యులర్ కిచెన్లు పెట్టించేవాళ్లు చాలామందే కానీ కమోడ్ పక్కన, షవర్ కింద పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. ముందు ఆ పని చేయించండి. పడక గది కింది అంతస్తులోకి మార్చుకోగలిగితే ఇప్పుడే మార్చుకోండి, మోకాళ్లు మొరాయించాక కాదు.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ ముందుగా మాట్లాడుకోరు. ఇంట్లో మీరొక్కరే ఉండరు. ముప్ఫై ఏళ్లుగా పగలంతా ఆ ఇంటిని తన పద్ధతిలో నడుపుకుంటున్న మనిషి ఇంకొకరు ఉన్నారు, వాళ్ల పదకొండు గంటలు ఇప్పటికే నిండి ఉన్నాయి. పక్కింటావిడతో పావుగంట మాటలు, లలితా సహస్రనామం బృందం, అక్కచెల్లెళ్ల ఫోన్లు, భోజనం చేశాక ఓ కునుకు. అందులోకి ఒక మగమనిషి వచ్చి హాల్లో కూర్చుని, ప్రతి ఫోనుకీ "ఎవరూ?" అని అడుగుతూ, రెండు కాఫీలు అదనంగా తాగుతూ ఉంటే ఆవిడకు ఎలా ఉంటుంది?

మా వారు నాకంటే ముందే రిటైర్ అయ్యారు. మొదటి నెలలోనే వంటింటి మీద పడ్డారు. హార్లిక్స్ సీసాలో మెంతులు, కాఫీ సీసాలో ఆవాలు, బిస్కెట్ డబ్బాలో ఎండుమిరపకాయలు, నా పెళ్లయిన కొత్తలో ఎలా సర్దానో అలాగే ఉండేవి. నేను కాలేజీకి వెళ్లి వచ్చేసరికి అన్నీ ఒకే సైజు ప్లాస్టిక్ డబ్బాల్లోకి మారిపోయి, టైపు చేసిన లేబుళ్లతో, అక్షరక్రమంలో నిలబడి ఉన్నాయి. ఆవాలు ఈ చివర, శనగపప్పు ఆ చివర! పోపుకి మూకుడు పెట్టి ఈ అరకూ ఆ అరకూ నేను పరుగెత్తేలోపు నూనె పొగలొచ్చింది. పాపం ఆయన తప్పేం లేదు, బ్రాంచిలో ఫైళ్లు చూసిన చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ఆ డబ్బాలు మాత్రం మళ్లీ మారాయి.

కాబట్టి ఉన్న ఇంట్లోనే ఉందామనుకునేవాళ్లు భార్యాభర్తలిద్దరూ కూర్చుని చాలా చిన్నచిన్న విషయాలు మాట్లాడుకోవాలి. పగటిపూట ఏ గది ఎవరిది, మధ్యాహ్నం భోజనం ఎన్నింటికి, టీవీ రిమోట్ ఎవరి చేతిలో, మార్కెట్టుకి ఎవరు వెళ్తారు, వారంలో ఏయే పూటలు ఎవరి దారి వారిది. వినడానికి నవ్వొస్తుంది కానీ రిటైరైన ఇళ్లలో జరిగే గొడవల్లో సగం వీటి మీదే. వంట పంచుకుంటానంటే ఒక పూట మొత్తం తీసుకోండి, వెనకాల నిలబడి సలహాలు చెప్పడం పంచుకోవడం కిందికి రాదు.

ఊరికి వెళ్లిపోవడం

ఈ కోరిక మగవాళ్లకు ఎక్కువ. మామిడిచెట్టు, వేపగాలి, అరుగు మీద కబుర్లు. తప్పేం లేదు, కానీ ఆ అరుగు మీద ఇప్పుడెవరున్నారో చూడండి. మీతో బడికెళ్లినవాళ్లలో సగంమంది బోడుప్పల్‌లోనో వనస్థలిపురంలోనో ఇళ్లు కట్టుకుని ఉంటారు. మీ ఊరి మనుషులు మీకు ఊళ్లో కంటే ఎల్బీనగర్ చుట్టుపక్కలే ఎక్కువ దొరుకుతారంటే అతిశయోక్తి కాదు.

చేతిలో పని ఉన్నవాళ్లకు ఊరు బాగుంటుంది. రెండెకరాలు ఉండి, పొద్దున్నే మడి దగ్గరికి వెళ్లి కూలీలతో మాట్లాడి, మోటారు చూసుకుని వచ్చే మనిషికి మంగళవారానికి, ఆదివారానికి తేడా ఉండదు. బడికో గుడికో ఊరి లైబ్రరీకో పూనుకుని చేసేవాళ్లకు కూడా బాగుంటుంది. ఊరికే ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు మాత్రం వానాకాలంలో ఓ నెల ఉండి చూడండి. కరెంటు పోయి, దోమలు లేచి, రోడ్డంతా బురదైనప్పుడు కూడా నచ్చితే వెళ్లిపోవచ్చు. దానికి ముందు ఒక రాత్రి గుండెలో నొప్పి వస్తే గుండె డాక్టరున్న ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరతారో రోడ్డు మీద బండి నడిపి చూసుకోండి. వరంగల్, కరీంనగర్, ఖమ్మం దగ్గరి ఊళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. మారుమూల ఊరైతే, ఇద్దరిలో ఒకరికి గుండెదో కిడ్నీదో జబ్బు ముందే ఉంటే, నేను వద్దనే అంటాను.

భార్య ఊరు వేరన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మీకది పుట్టిన ఊరు, ఆవిడకది అత్తగారి ఊరు. అక్కడ ఆవిడకు స్నేహితులు ఎవరున్నారో అడగండి, జవాబు కోసం కాస్త ఓపిగ్గా ఆగండి.

పిల్లల దగ్గరికి

ఇది రెండు రకాలు. కొడుకో కూతురో కోకాపేటలోనో నల్లగండ్లలోనో ఉండి, వాళ్లతో కలిసి ఉండటం ఒకటి, అమెరికా వెళ్లడం ఇంకొకటి.

ఇక్కడే ఉన్న పిల్లల సంగతి ముందు. ఇరవై అయిదో అంతస్తులో గాలి బాగుంటుంది, కింద క్లబ్ హౌస్ ఉంటుంది, సాయంత్రం బెంచీల మీద మన వయసువాళ్లు పదిమంది చేరతారు. పదకొండింటికి మాత్రం ఆ ఇంట్లో మీరూ పనమ్మాయీ తప్ప ఎవరూ ఉండరు. మనవలు చిన్నవాళ్లయితే పగలు నిండిపోతుంది, నిండిపోవడమేంటి, పొంగిపొర్లుతుంది. స్కూలు బస్సు దగ్గర దింపడం, తీసుకురావడం, స్నాక్స్, హోంవర్క్. అదంతా ఇష్టంగా చేసేవాళ్లను చూశాను, మొహమాటానికి ఒప్పుకుని నడుం పట్టేసినవాళ్లనూ చూశాను. ఎన్ని రోజులు, ఎన్ని గంటలు అన్నది మొదట్లోనే మాట్లాడుకోండి. ఆ మాట కోడలితోనో అల్లుడితోనో కాకుండా మీ సొంత పిల్లలతోనే మాట్లాడండి. పిల్లాడు ఆరో తరగతికొచ్చి తలుపేసుకోవడం మొదలుపెట్టాక మీ పదకొండు గంటలు ఏమవుతాయో కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి.

నా ఓటు ఒకే ఇంటికి కాదు, దగ్గర్లో వేరే ఇంటికి. ఒకే కాలనీలో, లేదా ఆటోలో పది నిమిషాల్లో చేరేంత దూరంలో ఉంటే రాకపోకలు ఉంటాయి, గొడవలు ఉండవు. అది కుదరకపోతే మెట్రో స్టేషన్‌కు దగ్గరగా ఉన్న పాత ఇల్లు కూడా నయమే. చిక్కడపల్లిలో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో మారి రాయదుర్గం దాకా వెళ్తే, అక్కణ్నుంచి కొడుకు కారులో తీసుకెళ్తాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కునే బాధ సగం తప్పుతుంది.

వెళ్లే ముందు ఉన్న ఇల్లు పిల్లల పేరు మీద రాసేయడం కొందరికి అలవాటు. తొందరపడకండి. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక వాళ్లు చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. ఆ షరతు పత్రంలోనే స్పష్టంగా రాసి ఉంటే తర్వాత వాదనలు తక్కువ. ఇలాంటి విషయాల్లో ఎవరిని అడగాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఉచితం.

అమెరికా విషయం క్లుప్తంగా చెప్తాను. విజిటర్ వీసా మీద సాధారణంగా ఒక్కో విడత ఆరు నెలల దాకా ఉండనిస్తారు. కారు లేకుండా గడప దాటలేని ఊళ్లే అక్కడ ఎక్కువ, పొద్దున అందరూ వెళ్లిపోయాక కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద మనిషి కనపడడు. ఎండాకాలంలో రెండు మూడు నెలలు హాయిగా ఉండి రండి. దాన్నే మీ రిటైర్మెంట్ అనుకోవద్దు.

సీనియర్ కమ్యూనిటీ

"వృద్ధాశ్రమంలో చేరారట" అని బంధువులు గుసగుసలాడుకుంటారన్న భయం ఇంకా ఉంది కానీ, కాలం మారింది. సొంత ఫ్లాటు, ఉమ్మడి భోజనశాల, నర్సు, బెల్లు కొడితే పలికే మనిషి. పదకొండు గంటల పరీక్షలో అన్నిటికంటే తేలిగ్గా పాసయ్యేది ఇదేనని చెప్పాలి, ఎందుకంటే ఆ వేళకు అక్కడ క్యారమ్స్ బోర్డు దగ్గర నలుగురు ఉంటారు. పిల్లలంతా విదేశాల్లో ఉన్నవాళ్లకు, ఒంటరిగా మిగిలినవాళ్లకు, వంట మీద విసుగొచ్చిన ఆడవాళ్లకు మంచిదే.

ఇవి ఎక్కువగా ఊరి అంచుల్లో ఉంటాయి. సిటీలో ఉన్న స్నేహితులు మొదట్లో వస్తారు, తర్వాత ఫోన్లు చేస్తారు, ఆ తర్వాత వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌లు పెడతారు. చేరేముందు బ్రోచర్ పక్కన పెట్టి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మంచాన పడితే ఇక్కడే ఉంచుతారా, పంపించేస్తారా? మతిమరుపు జబ్బు వస్తే? మనవలు వస్తే ఎన్ని రోజులు ఉండనిస్తారు? రాత్రిపూట అంబులెన్స్ గేటు లోపలే ఉంటుందా, ఫోన్ చేస్తే వస్తుందా? బిల్డర్ తప్పుకున్నాక నడిపేది ఎవరు? చట్నీల్లో అల్లం, వెల్లుల్లి లేకుండా అడిగితే దొరుకుతుందా అన్నది కూడా చిన్న ప్రశ్నేం కాదు, రోజూ మూడు పూటలా తినాలి కదా! గెస్ట్ రూమ్ ఇస్తే ఓ వారం ఉండండి, అందులో ఆదివారం ఒక్కటే ఉంటుంది కాబట్టి మిగతా ఆరు రోజులూ బయటపడతాయి.

ఇక ఆ గంటల్లో చేసే పని

ఎక్కడున్నా ఇది తప్పదు. అదే లైన్లో మళ్లీ ఉద్యోగం, సేవ, చదువు, ఈ మూడింటి మధ్యే చాలామంది ఊగిసలాడతారు.

కన్సల్టెంట్‌గా మళ్లీ చేరడం పని మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్లకు బాగుంటుంది, అదీ సగం పూటకు. "సార్" అనే పిలుపు కోసం, లేదా ఇంట్లో కూర్చోవాలన్న టెన్షన్‌తో చేరితే అసలు సమస్య మూడేళ్లు వాయిదా పడుతుందంతే. పైగా నిన్నటిదాకా మన కింద పనిచేసిన కుర్రాడు ఇప్పుడు మన ఫైలు వెనక్కి పంపిస్తాడు, అది తట్టుకోగలరా?

సేవ చేస్తామనేవాళ్లు రోజు, వేళ చెప్పి ఒప్పుకోండి. "వీలున్నప్పుడు వస్తాను" అన్నవాళ్లకు వీలు కుదరదు. పక్క ప్రభుత్వ బడిలో మంగళ, గురువారాల్లో పదకొండింటికి అయిదో తరగతి పిల్లలతో తెలుగు చదివిస్తానని హెడ్‌మాస్టర్‌తో మాట్లాడుకుంటే, మీరు రాని రోజున ఆ పిల్లలే అడుగుతారు. కాలనీ సంఘం కూడా సేవే, కాకపోతే నల్లా నీళ్ల గొడవ, పార్కింగ్ గొడవ, కుక్కల గొడవ అన్నీ మీ ఇంటికే వస్తాయి. పోట్లాట అంటే కాస్త సరదా ఉన్నవాళ్లే దానికి పనికొస్తారు.

చదువుకు హైదరాబాద్ మంచి ఊరు. జూబ్లీహిల్స్‌లో ఉన్న అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి నడుస్తోంది, ఇగ్నో ఉంది, వయసు మళ్లాక ఎమ్మేలు చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. పరీక్షల తేదీ ఉన్న కోర్సులో చేరడమే మేలు, తేదీ లేకపోతే పుస్తకం టీపాయ్ మీదే ఉండిపోతుంది. ఊరికే చదువుకుందామంటే అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి మాత్రం కుర్చీ దొరుకుతుందన్న ఆశతో వెళ్లకండి, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే బ్యాగులు పెట్టి సీట్లు పట్టేస్తారు. వాళ్లకే వదిలేద్దాం, వాళ్ల అవసరం పెద్దది.

నన్నడిగితే సేవ ఒకటి, చదువో సంగీతమో ఒకటి, ఇలా రెండు పెట్టుకోండి. ఒకటి మానేయాల్సి వస్తే ఇంకొకటి ఉంటుంది. నడక వీటి లెక్కలోకి రాదు, అది ఎలాగూ ఉండాల్సిందే. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని, 65 దాటినవాళ్లు వారంలో మూడు రోజులు ఒంటికాలి మీద నిలబడటం లాంటి బ్యాలెన్స్ వ్యాయామాలు కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనవాళ్లు నడుస్తారు కానీ ఆ రెండోది ఎవరూ చేయరు.

స్నేహాల గురించి ఒక మాట. ఆఫీసు స్నేహాలు ఆఫీసు కబుర్ల మీద బతుకుతాయి. ఫలానావాడి ట్రాన్స్‌ఫర్, ఫలానావాడి ప్రమోషన్ మీకు పట్టనప్పుడు ఆ ఫోన్లు వాటంతటవే తగ్గిపోతాయి, ఎవరి తప్పూ లేదు. అందుకని సర్వీసు చివరి రెండేళ్లలోనే ఆఫీసుతో సంబంధం లేని చోట ఒకట్రెండు పరిచయాలు పెంచుకోవాలి.

ఒకరే మిగిలితే

ఎంచుకున్న ఏర్పాటు ఏదైనా, ఇద్దరిలో ఒకరే మిగిలితే అది పనికొస్తుందా అని రెండుసార్లు చూడాలి, ఒకసారి ఆవిడ మిగిలితే, ఇంకోసారి ఆయన మిగిలితే. ఊరవతల విల్లా తీసుకుని ఆవిడకు కారు నడపడం రాకపోతే ఆ గేటు దాటడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు కావాలి. ఆయనకు కుక్కర్ పెట్టడం కూడా రాకపోతే సొంత ఇల్లున్నా హోటల్ భోజనమే. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, ఫోన్‌లో డబ్బులు పంపడం ఆవిడ నేర్చుకోవాలి, అన్నం, పప్పు, ఒక కూర ఆయన నేర్చుకోవాలి. దొంగ పోలీసుల వీడియో కాల్ వచ్చి "డిజిటల్ అరెస్ట్" అంటే ఫోన్ కట్ చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పడం ఇద్దరూ నేర్చుకోవాలి. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు.

ఆసుపత్రిలో వెంటిలేటర్ దాకా వస్తే ఏం కావాలో ఏం వద్దో ముందే రాసిపెట్టుకోవడానికి సుప్రీంకోర్టు 2018లో అనుమతించింది, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరణ చేయిస్తే చాలు. అశుభం అనుకుంటే అది మీ ఇష్టం, కానీ ఐసీయూ బయట ఆ నిర్ణయం పిల్లల నెత్తిన వేయడం ఇంకా కష్టమని నా అభిప్రాయం.

ఇదంతా కాగితం మీద తేలదు, ఉండి చూడాల్సిందే. ప్రభుత్వోద్యోగులు ఆర్జిత సెలవులు 300 రోజుల దాకా కూడబెట్టి నగదు చేసుకుందామని ఒక్కటీ వాడరు. అందులో కొన్ని ఖర్చుపెట్టి ఆషాఢంలో ఊళ్లో, స్కూళ్లు నడిచే రోజుల్లో కొడుకు ఇంట్లో, మధ్యలో ఓ వారం కమ్యూనిటీలో ఉండి రండి. రిటైరయ్యాక కూడా మొదటి ఏడాది ఇల్లు అమ్మకానికి పెట్టకండి. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే పదకొండు నెలల అగ్రిమెంట్ మీద అద్దెకిచ్చి, ఒక గదిలో మీ సామాను పెట్టి తాళం వేసుకుని వెళ్లండి.